హైవే మీద మా ఫుట్‌బాల్ జట్టు

పోయిన వారం ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు వస్తుంటే కొత్తపేట దగ్గర మా క్యాబ్ ఆగిపోయింది. ఆగడమంటే మామూలుగా ఆగడం కాదు. డ్రైవరు ఇంజను బంద్ చేసి, సీటు వెనక్కి వాల్చి, ఫోన్‌లో వీడియోలు చూసుకునేంతగా ఆగిపోయింది. పైన మెట్రో రైళ్లు ఒకదాని వెనక ఒకటి హాయిగా పోతున్నాయి. కింద మేమందరం హారన్లు కొట్టుకుంటూ కూర్చున్నాం. డ్రైవరు కుర్రవాడికి గట్టిగా పాతికేళ్లు కూడా ఉండవు. విసుగొచ్చి స్టీరింగ్ మీద ఒక్క చరుపు చరిచి, "గీ రోడ్డు ఖాళీగ ఎన్నడన్న చూసిండ్రా మేడమ్?" అన్నాడు. "చూసుడేంది బిడ్డా, గీ రోడ్డు నడిమిట్ల నిలబడి ఫుట్‌బాల్ ఆడిపిచ్చిన" అన్నాను. అతను అద్దంలోంచి నా నెరిసిన జుట్టునూ, గంజిపెట్టిన చీరనూ ఒకసారి చూసి, ఇంకేమీ అనకుండా మళ్లీ ఫోన్‌లోకి వెళ్లిపోయాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నమ్మకపోతే నాకేం పోయింది! బండి మళ్లీ కదిలేలోపు ఆ సీజన్ అంతా నాకు మొదటి నుంచీ గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. కాలేజీ అనగానే పెద్ద గేటు, లోపల చెట్లు, చెట్ల కింద అరుగులు ఊహించుకోకండి. కింద చీరల దుకాణం, పక్కన టిఫిన్ సెంటర్, రెండింటి మధ్య ఇరుకు మెట్లు. ఆ మెట్లెక్కితే మా కాలేజీ. మొదటి అంతస్తులో క్లాసు చెప్తుంటే కింద పెనం మీద దోసె వేసిన చప్పుడు స్పష్టంగా వినిపించేది. పదకొండు గంటల క్లాసులో పిల్లల ముఖాలు చూస్తే వాళ్ల మనసు అకౌంట్స్ మీద లేదని ఎవరైనా చెప్పగలరు. ఆటస్థలం లేదు. ఉన్నదల్లా మేడ మీద నీళ్ల ట్యాంకుల మధ్య కాస్త జాగా, మెట్ల పక్కన ఒక చిన్న స్పోర్ట్స్ గది. అలాంటి కాలేజీకి ఫుట్‌బాల్ జట్టు ఎందుకుందో ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఎవరో మొదలుపెట్టారు, అది అలా నడుస్తూ వచ్చింది.

ఆ ఏడాది మా ఫిజికల్ డైరెక్టరు వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. కరస్పాండెంట్ సారు నన్ను పిలిచి, టీ తెప్పించి, "మీ మాట పిల్లలు వింటరు మేడమ్, జర ఫుట్‌బాల్ టీంను మీరు చూసుకోండ్రి" అన్నాడు. ఆయన టీ తెప్పించాడంటేనే ఏదో అంటగట్టబోతున్నాడని నాకు అర్థం కావాల్సింది. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా అది గుండ్రంగా ఉంటుందని, చేత్తో ముట్టుకోకూడదని. అయినా సరేనన్నాను. నాకు రాదు అని చెప్పడం మా ఇంటా వంటా లేదు. అప్పుడు ఆయన అసలు మాట బయటపెట్టాడు. "గీ ఏడాది ఒక్క మ్యాచన్న గెలవాలె. గెలిస్తే టీం ఉంటది. లేకుంటే బంద్ చేసి, ఆ గది కోచింగ్ క్లాసుకు ఇచ్చేస్త. పిల్లల తల్లిదండ్రులు ర్యాంకులు అడుగుతున్నరు గని గోల్స్ అడుగుతలేరు" అన్నాడు. "ఒక్కటేంది సార్, రెండు గెలుస్తం" అని నేను టీ తాగేసి వచ్చాను.

ఆట నేర్చుకోవడం నాకు పెద్ద కష్టం కాలేదు, ఒక్క ఆఫ్‌సైడ్ తప్ప. అదేమిటో నాకు ఎక్కించడానికి మా గోల్‌కీపర్ పిల్లవాడు టిఫిన్ సెంటర్ బల్ల మీద ఇడ్లీలను ఒక జట్టుగా, వడలను ఒక జట్టుగా నిలబెట్టి, చట్నీ గిన్నెను గోల్ చేసి, మిరపకాయ బజ్జీని రెఫరీగా పెట్టి చూపించాడు. అర్థమయ్యేసరికి ఇడ్లీలన్నీ చల్లారిపోయాయి. ఇంటికెళ్లి అదే పాఠం మా అత్తమ్మకు చెప్పాను. ఆమె ఓపిగ్గా అంతా విని, "అంటే ఎవలకన్న ముందుగాల పోయి కూసుంటే ఊకోరన్నట్టు. గంతే గదనే? బంతిల కూసున్నట్టే" అంది. భోజనాల బంతిలో ముందుగా పోయి కూర్చోకూడదన్నది ఆమె లెక్క. ఈ రోజుకీ ఆఫ్‌సైడ్ గురించి అంతకన్నా తేలిగ్గా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

జెర్సీల సంగతి కూడా చెప్పాలి. పాతవి చినిగిపోయాయి, కొత్తవి కాలేజీ ఇవ్వనంది. మాది పోచంపల్లి వైపు మగ్గాల ఇల్లు. మా అన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లోనే చేనేత బట్టల దుకాణం ఉండేది. అక్కడికి పోయి మిగిలిపోయిన ఇక్కత్ దుప్పటి ముక్కలు అడిగి తెచ్చి, గల్లీ చివరి టైలరుతో చొక్కాలు కుట్టించాను. ఒకడికి ఏనుగులు, ఒకడికి చిలకలు, ఒకడికి మెట్లు మెట్లుగా డిజైను. కలిపి చూస్తే పదకొండు మంది ఒక జట్టని ఎవరూ అనుకోరు. మొదటి వానకే ఎరుపు దిగి అందరి తెల్ల నిక్కర్లూ గులాబీ రంగుకు తిరిగాయి. ప్రత్యర్థులు మమ్మల్ని 'దుప్పట్ల టీం' అని పిలిచేవాళ్లు. పిలిస్తే పిలిచారు, నూలు బట్ట వంటికి హాయి. ఎండలో వాళ్ల ప్లాస్టిక్ చొక్కాలు ఒంటికి అతుక్కుపోతుంటే మావాళ్లు కళ్లంలో గాలికి నిలబడ్డట్టు ఉండేవాళ్లు.

జట్టులో ఇద్దరి గురించి చెప్తే చాలు. కెప్టెన్ నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, సరూర్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని చదువుకుంటున్నవాడు. బక్కగా ఉండేవాడు గానీ గొంతు విప్పితే మెట్ల కింద చీరల దుకాణంలో బేరాలు ఆగిపోయేవి. మా కాలేజీ విద్యార్థి జేఏసీకి వాడే కన్వీనరు. ఉదయం ధర్నా, మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం ఆట. గోల్‌కీపర్ కొత్తపేటలో కిరాణా కొట్టు నడిపే ఆయన కొడుకు. వాళ్లది తెనాలి దగ్గరి పల్లె, వచ్చి చాలా ఏళ్లయింది. పిల్లవాడు ఇక్కడే పుట్టాడు, అయినా ఇంట్లో మాట అక్కడిదే. ఒకడు "ఒస్తున్నరా బై" అంటే ఇంకొకడు "వచ్చేస్తున్నాన్రా బాబూ" అనేవాడు. బంతి మాత్రం సరిగ్గా చేరాల్సిన చోటికే చేరేది.

అప్పటికి మా స్టాఫ్‌రూమ్‌లో బల్లలు రెండైపోయాయి. కిటికీ పక్కది మాది, ఫ్యాను కిందది ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లది. ఎవరూ గీత గీయలేదు, దానంతటదే అయింది. ఫ్యాను కింద కూర్చునే ఇంగ్లీషు లెక్చరరూ నేనూ ఏళ్ల తరబడి ఒకే డబ్బాలోంచి తిన్నవాళ్లం. ఆమె గోంగూర తెస్తే నేను సర్వపిండి తెచ్చేదాన్ని. ఆ ఏడాది మేం పరీక్షల డ్యూటీ గురించి తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. నేను ఎటువైపో దాచాల్సిన పనేం లేదు. రాష్ట్రం రావాలని రోడ్డు మీద బతుకమ్మ ఆడినదాన్ని, నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకున్నదాన్ని. అయినా ఆ డబ్బా గుర్తొస్తే మనసు చివుక్కుమనేది. క్లాసుల్లో కూడా బెంచీలు అలాగే విడిపోతున్నాయి. విడిపోనిది ఈ జట్టొక్కటే. అది మూతపడితే ఈ పిల్లలు కూడా రెండు బల్లలవుతారని నా భయం. కరస్పాండెంట్ సారుకు నేనిచ్చిన మాట అందుకే నాకు అంత పట్టింపైంది.

మాటిచ్చినంత తేలిగ్గా గెలుపు రాలేదు. మొదటి మ్యాచ్ ఓడిపోయాం. రెండోదీ ఓడిపోయాం, కాకపోతే తక్కువ తేడాతో. మా అత్తమ్మ సాయంత్రం గుమ్మంలోనే నిలబడి, "గెలిచిండ్రా?" అని అడిగేది. "లేదత్తమ్మా, గని మంచిగ ఆడిండ్రు" అంటే, "మంచిగ ఆడుడు ఇంటికాడ గూడ ఆడొచ్చు" అనేది. తర్వాతి మ్యాచ్‌కు బంద్ అడ్డొచ్చింది. వాయిదా వేశారు. మళ్లీ బంద్. మళ్లీ వాయిదా. సరూర్‌నగర్ చెరువు పక్కన మేం ప్రాక్టీసు చేసే స్థలాన్ని క్రికెట్ పిల్లలు పట్టేసుకున్నారు. ఇక ఆడటానికి చోటెక్కడ అని నేను తల పట్టుకుంటే, కెప్టెన్ కిటికీలోంచి బయటికి చూపించి, "గంత పెద్ద గ్రౌండ్ ముంగట వెట్టుకొని పరేషాన్ ఎందుకు మేడమ్?" అన్నాడు. చూస్తే విజయవాడ హైవే. బంద్ రోజు కదా, ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక్క బండి లేదు.

అలా మొదలైంది మా హైవే ప్రాక్టీసు. ఎప్పుడు బంద్ పిలుపొస్తే ఆ రోజు మా వాళ్లకు పండగే. గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి ఖాళీ బత్తాయి పెట్టెలు తెచ్చి ఇటు రెండు, అటు రెండు పెడితే గోల్స్ తయారు. తారు రోడ్డు మీద పడితే మోకాళ్లు చెక్కుకుపోయేవి. నా హ్యాండ్‌బ్యాగులో దూదీ, అయొడిన్ సీసా ఎప్పుడూ ఉండేవి. నేను డివైడరు మీద గొడుగేసుకుని కూర్చుని, "ఒరేయ్, పాసియ్యిరా, నీ ఒక్కనిదేనా బంతి?" అని అరిచేదాన్ని. ధర్నాకు వచ్చినవాళ్లు కాసేపు నినాదాలిచ్చి, కాసేపు మా ఆట చూసేవాళ్లు. డ్యూటీలో ఉన్న పోలీసులు కూడా బంతి తమ వైపొస్తే బూటుతో తన్ని పంపేవాళ్లు.

ఒకరోజు టీవీ వాళ్లొచ్చారు. మేం ఆడుతున్నది ప్రాక్టీసు అయితే వాళ్లకు అది ఉద్యమంలా కనిపించింది. మైకు ముందుకొస్తే మా కెప్టెన్ ఊరుకుంటాడా! చెమట తుడుచుకుని, "గీ రోడ్డు మాది, గీ ఆట మాది, గీ రాష్ట్రం మాది" అని గట్టిగా అన్నాడు. సరిగ్గా అప్పుడే వాడి వెనక మా గోల్‌కీపర్ గాల్లోకి ఎగిరి బంతి పట్టాడు. 'రోడ్డుపై ఫుట్‌బాల్ ఆడి విద్యార్థుల నిరసన' అని రోజంతా అదే బొమ్మ తిప్పి తిప్పి వేశారు. కొత్తపేట కిరాణా కొట్టులో, నలుగురు గిరాకీల ముందు, ఆ తండ్రి తన కొడుకు తెలంగాణ కోసం గాల్లోకి ఎగరడం చూశాడు. మర్నాటి నుంచి పిల్లవాడు ప్రాక్టీసుకు రాలేదు.

మూడో రోజు కెప్టెన్‌ను వెంటబెట్టుకుని నేనే వాళ్ల కొట్టుకు పోయాను. దారిలో వాడికి పదిసార్లు చెప్పాను, నోరు మూసుకుని ఉండమని. ఆయన నాకు కుర్చీ వేసి, చల్లటి నీళ్లిచ్చి, "మేడమ్ గారూ, మీరు చదువుకున్నవాళ్లు, మీకు చెప్పేంతవాణ్ణి కాదండీ. మావాడు ఆడుకుంటానంటే నేనెందుకు కాదంటాను? కానీ ఆ రోడ్ల మీద ఎప్పుడు రాయి పడుతుందో, ఎప్పుడు లాఠీ లేస్తుందో ఎవరికి తెలుసు? ఒక్కగానొక్క పిల్లాడండీ" అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టేలోపే, నోరు మూసుకోమని నేను చెప్పిన కెప్టెన్ ముందుకొచ్చాడు. "అంకుల్, నేనే ఒచ్చి తీస్కపోత. నేనే తెచ్చి ఇంట్ల దింపుత. ఎవలన్న ఏమన్న అంటే ముందుగాల నన్ను దాటాలె" అన్నాడు. ఆయన వాణ్ణి కిందికీ మీదికీ చూశాడు. "టీవీలో అరిచింది నువ్వేగా?" "అవునంకుల్." "గొంతు బాగుంది" అని, లోపలికి తిరిగి, "ఒరేయ్, బూట్లు వేసుకో" అని కేకేశాడు. ఆ రోజు నుంచి బంద్ అయినా, రాస్తారోకో అయినా, కెప్టెన్ పాత బండి కిరాణా కొట్టు ముందు ఆగేది. రోడ్డు మీద ఎవరు ఆపినా వాడు హెల్మెట్ తీసి ముఖం చూపిస్తే చాలు, దారిచ్చేవాళ్లు. వెనక కూర్చున్నవాడిది ఏ జిల్లా అని ఎవరూ అడగలేదు.

వాయిదాల మీద వాయిదాలు పడి, ఆఖరి మ్యాచ్‌కు ఒక రోజు ఖాయం చేశారు. ఇంక వాయిదా లేదని, వచ్చిన జట్టు వస్తుంది, రానిది ఓడినట్టేనని టోర్నమెంటు వాళ్లు తేల్చి చెప్పారు. మాకు అదొక్కటే మిగిలింది. గెలిస్తే జట్టు ఉంటుంది, లేకపోతే లేదు. సరిగ్గా ఆ రోజే ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పుకు పిలుపొచ్చింది. అప్పుడు పుట్టనివాళ్ల కోసం చెప్తున్నాను, వంటా వార్పు అంటే రోడ్డు నడుమ పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే వరసగా కూర్చుని తినడం. బండ్లన్నీ ఆగిపోతాయి. ఆగిన బండ్లలోని వాళ్లకు కూడా విస్తరి వేస్తారు. దాటిపోనివ్వరు, అట్లని ఆకలితోనూ ఉండనివ్వరు. మా అత్తమ్మ గల్లీ ఆడవాళ్లందరినీ కూడగట్టుకుని తెల్లవారకముందే పెద్ద గంటెతో సహా బయల్దేరింది. కన్వీనరు కాబట్టి కెప్టెన్ కూడా అక్కడే. ఆట మొదలయ్యేసరికి గ్రౌండ్‌లో ఉంటానని నాకు మాటిచ్చి పోయాడు.

నేను మిగతా పిల్లలను తీసుకుని నడుచుకుంటూ సరూర్‌నగర్ గ్రౌండ్‌కు చేరాను. రెఫరీ నెత్తి మీద తడి రుమాలు వేసుకుని నిలబడి ఉన్నాడు. అవతలి జట్టు రాలేదు. వాళ్ల కాలేజీ హయత్‌నగర్ దాటాక ఉంటుంది. రావాలంటే ఎల్బీనగర్ చౌరస్తా దాటాలి. ఎక్కడ ఇరుక్కున్నారో వేరే చెప్పక్కర్లేదు. రెఫరీ గడియారం చూసి, "పావుగంట చూస్తా మేడమ్. అప్పటికీ రాకపోతే వాకోవర్. మీరు గెలిచినట్టే" అన్నాడు. మా పిల్లలు ఎగిరి గంతులేశారు. నేను మాత్రం తక్కువా? మనసులో అప్పుడే కాలేజీ మెట్లెక్కి, కరస్పాండెంట్ సారు ముందు కూర్చుని, నేనే టీ తెప్పించుకుంటున్నాను. పావుగంట ఇంకా అయిపోలేదు, నా ఫోన్ మోగింది. కెప్టెన్.

"మేడమ్, ఆళ్ల బండి గీడనే ఆగింది. మనోళ్లే ఆపిండ్రు. నేను తోల్కొస్తున్న. రెఫరీ సారును జర ఆగుమనుండ్రి."

"నీకేమన్న పిచ్చి లేసిందారా? ఆళ్లు రాకుంటే మనం గెలిచినట్టే. టీం నిలబడతది."

"ఎరికె మేడమ్. గని రోడ్డు మనమే ఆపి, మ్యాచ్ మనమే గెలిచినమంటే ఎట్లుంటది? తెలంగాణ పేరు జెప్పి గుంజుకున్నరంటరు. గా మాట నేను పడ" అని ఫోన్ పెట్టేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వీడి నీతి కాకుల పాలు కాను, ఈ జట్టు కోసం నేను ఎండలో డివైడరు మీద కూర్చుని నల్లబడ్డాను కదా అనిపించింది. పిల్లలకు విషయం చెప్పాను. ఒకడు వెంటనే, "ఫోన్ కలవలేదనుండ్రి మేడమ్, అయిపాయె" అన్నాడు. గోల్‌కీపర్ గ్లోవ్స్ తొడుక్కుంటూ, "వాడు తీసుకొస్తానంటే తీసుకొస్తాడు మేడమ్. నన్ను రోజూ తీసుకురావట్లేదా? ఆగుదాం" అన్నాడు. అంత మామూలుగా అన్నాడు, టీ తాగుదాం అన్నట్టు. ఆ పిల్లవాణ్ణి చూస్తే నా కోపం కాస్తా దిగిపోయింది. ఈ జట్టు ఎందుకు ఉండాలని నేను పట్టుబట్టానో అది నా ఎదురుగానే నిలబడి గ్లోవ్స్ తొడుక్కుంటోంది. దాన్ని కాపాడుకోవడానికి దాన్నే పాడుచేస్తే ఏం మిగులుతుంది? రెఫరీ దగ్గరికి పోయి, "ఆళ్లు దారిల ఉన్నరు సార్. ఆగుండ్రి, మాకేం అభ్యంతరం లేదు" అన్నాను. ఆయన రుమాలు తీసి ముఖం తుడుచుకుని, "మీ ఇష్టం మేడమ్, నేనైతే ఇట్లాంటి టీంను చూడలే" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు.

చాలాసేపటికి ఒక ట్రాలీ ఆటో వచ్చింది. వెనక వంట గిన్నెల మధ్య అవతలి జట్టంతా కిక్కిరిసి నిలబడి ఉంది. ముందు డ్రైవరు పక్కన మా కెప్టెన్. వాళ్ల కోచ్ దిగి, మీసాలు తుడుచుకుంటూ నాకు దండం పెట్టాడు. "మీ పిల్లగాడు మా కోసం ఆడోళ్లతోటి మస్తు కొట్లాడిండు మేడమ్. తినకుండ పోనియ్యమన్నరు. ఆఖరికి తిన్నంకనే ఇడిసిండ్రు" అన్నాడు. చూస్తే అందరి వేళ్లూ పసుపు పచ్చగా ఉన్నాయి. అంతటితో అయిపోలేదు. మా అత్తమ్మ ఒక పెద్ద బేసిన్ నిండా అన్నం, వంకాయ కూర, బకెట్టుతో పప్పుచారు పంపింది. దానితో పాటు ఒక హుకుం కూడా: "కోడలికి చెప్పుండ్రి, పిల్లలకు తినవెట్టినంకనే ఆడిపియ్యాలె." ఆటకు ముందు తినకూడదని నాకు తెలుసు. కానీ పొద్దున్నుంచి ఏమీ తినని పిల్లల ముందు ఆ వంకాయ కూర మూత తీశాక నేనేం చెప్పినా ఎవరు వింటారు? రెఫరీ కూడా రెండు ముద్దలు తిని, ఇంకొంచెం పప్పుచారు అడిగాడు.

తర్వాత జరిగిన దాన్ని ఆట అంటే ఆట, అరుగుదల అంటే అరుగుదల. ఇరవై రెండు మందీ పెళ్లి భోజనం చేసి ఊరేగింపులో నడుస్తున్నవాళ్లలా కదిలారు. బంతి ముందు పోయేది, మనిషి తీరిగ్గా వెనక పోయేవాడు. మొదటి సగంలో వాళ్లు ఒక గోల్ వేశారు. రెండో సగానికి తిన్నది కాస్త దిగింది, ఆట వేడెక్కింది. కెప్టెన్ ఎడమ నుంచి ఇద్దర్ని తప్పించుకుని గోల్ వేస్తే నేను గొడుగు విసిరేసి అరిచాను. అటు వాళ్ల పిల్లవాడు ఒంటరిగా దూసుకొస్తే మా గోల్‌కీపర్ వాడి కాళ్ల మీద పడి బంతి పట్టాడు. ముక్కులోంచి రక్తం వచ్చినా బంతి వదల్లేదు. ఆఖరి క్షణాల్లో కెప్టెన్‌కు ఎదురుగా ఖాళీ గోల్ దొరికింది. వాళ్ల కీపర్ కింద పడి ఉన్నాడు. తన్నాడు. బంతి పైకి, ఇంకా పైకి పోయి, చెరువు వైపు మాయమైంది. విజిల్ పడింది. చెరో గోల్. డ్రా. వాడు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. నేను పోయి భుజం తడితే, "రెండోసారి పప్పుచారు పోస్కోకుండ ఉండాల్సుండె మేడమ్" అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ ఒక్కసారే వచ్చాయి.

మర్నాడు నేను తలెత్తుకునే కరస్పాండెంట్ సారు గదికి పోయాను. వాకోవర్ కథ ఆయనకు అప్పటికే చేరిపోయింది. "చేతికొచ్చిన గెలుపు ఇడిసిపెట్టినోళ్లను నేనేం చెయ్యాలె మేడమ్?" అన్నాడు. "మెచ్చుకోవాలె సార్" అన్నాను. ఆయన నవ్వాడు గానీ మాట మాటే అన్నాడు. ఆ వారంలోనే స్పోర్ట్స్ గదిలో కోచింగ్ క్లాసు బెంచీలు పడ్డాయి. ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో నేను డబ్బా తెరవకుండా కూర్చుంటే, ఫ్యాను కింది నుంచి ఇంగ్లీషు లెక్చరరు లేచొచ్చి, నా పక్కన కూర్చుని, "గోంగూర తెచ్చానండీ, తినండి" అంది. చాలా రోజుల తర్వాత తిన్న ఆ గోంగూర పుల్లగా, కారంగా, మహా గొప్పగా ఉంది.

జట్టు పోయింది, జెర్సీలు ఎవరివి వాళ్లు ఇంటికి పట్టుకుపోయారు. నేను భయపడ్డట్టు ఆ పిల్లలు రెండు బల్లలవుతారేమో అనుకున్నాను. తర్వాతి ఆదివారం పొద్దున్నే ఆ మీసాల కోచ్ తన జట్టు పిల్లలను వెంటేసుకుని సరూర్‌నగర్ వచ్చాడు, ఆ డ్రా సంగతి తేల్చుకుందామని. తేలలేదు. పై ఆదివారం మళ్లీ వచ్చారు. అదొక అలవాటైపోయింది. చదువులైపోయాయి, ఉద్యోగాలొచ్చాయి, ఒకరిద్దరికి పెళ్లిళ్లు కూడా అయ్యాయి. కెప్టెన్ బండి మారింది గానీ, కొత్తపేట కిరాణా కొట్టు ముందు ఆగడం మారలేదు.

చివరికి రాష్ట్రం వచ్చింది. ఆ వార్త తెలిసిన మర్నాటి పొద్దున ఒళ్లంతా గులాలు పూసుకుని పిల్లలు మా ఇంటికొచ్చారు. నన్నూ లాక్కుని కొత్తపేట పోయారు. దారంతా డప్పులు, పటాకులు. కిరాణా కొట్టు షట్టరు సగం దించి ఉంది. ఆ వారమంతా కాలనీల్లో ఒకటే మాట, ఆంధ్రా వాళ్లు ఉంటారా, పోతారా, పోవాల్సొస్తుందా అని. మా చప్పుడుకు ఆయన వంగి బయటికొచ్చాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మా చేతుల్లోని మిఠాయి డబ్బాను చూసి, నవ్వడానికి ప్రయత్నం చేసి, "మొత్తానికి సాధించుకున్నారు మేడమ్ గారూ. ఇంక మేం సామాన్లు సర్దుకోవాలేమోనండీ" అన్నాడు. తమాషాకే అన్నట్టు అన్నాడు గానీ, కళ్లు రోడ్డు మీది డప్పుల వైపే ఉన్నాయి. ఇంత చదివి, ఇన్ని నినాదాలిచ్చిన నేను తల వంచుకుని మిఠాయి డబ్బా దారం విప్పసాగాను. కెప్టెన్‌కు మాత్రం ఆయన ఏం అడుగుతున్నాడో కూడా సరిగ్గా అర్థమైనట్టు లేదు. మిఠాయి ముక్క ఆయన నోట్లో పెట్టి, "ఏడికి పోతరంకుల్? ఎల్లుండి ఆదివారం. గోల్‌ల ఎవరు నిలబడతరు?" అన్నాడు. ఆయన ఆ ముక్క నములుతూనే చెయ్యి చాచి షట్టరు పైదాకా ఎత్తేశాడు.

మా కాలేజీ తర్వాత మూతపడింది, ఆ మెట్ల మీదుగా ఇప్పుడు చీరల దుకాణం మూడంతస్తులూ పాకింది. రాష్ట్రం రావడానికి అన్నేళ్లు పట్టింది గానీ, ఆదివారం మాత్రం ఎవరినీ అడక్కుండా, ఆ తేలని డ్రాను వెంటేసుకుని, ప్రతి వారం వస్తూనే ఉంది.